కువైత్ దాటిన నాలుగు మ్యాగజీన్లు

ఇరాక్ సైన్యం కువైత్‌ని మింగేసిన ఏడాది, ఆ సైన్యం కళ్ళ ముందే నేను ఆయుధాలు దాటించాను. బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా, ఎడారి దాటించి బొంబాయి చేర్చాను. మధ్యలో అడ్డం వచ్చిన ఆఫీసరు నోరు మూయించాను.

అంబాజీపేటలో నా గురించి చెప్పుకునే కథ ఇది. ఎవరో కాదు, నేనే పుట్టించాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, కంటి ఆపరేషన్ చేసే డాక్టరు గారికి బల్లమీద పడుకుని కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త లావెక్కింది. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి గనక, ముందే సర్దుకుంటున్నాను. ఆయుధాలు కాదండీ, మ్యాగజీన్లు. పిస్తోలు పిడిలోకి కిందనుంచి దూర్చే ఇనుప డబ్బాలు, లోపల స్ప్రింగు, పైన తూటాలు పేర్చుకునే చోటు. అవి నాలుగు. నాలుగూ ఖాళీవే. ఆఫీసరు నోరు సంగతి ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఫింటాస్

కువైత్‌లో ఫింటాస్ ఊరు దాటి ఎడారి మొదలయ్యే చోట ఒక చిన్న షూటింగ్ క్లబ్బు ఉండేది. నేను అక్కడ ఆయుధాగారాధిపతిని. అంటే తాళాలు తీసేవాణ్ణి, తుపాకులు తుడిచేవాణ్ణి, పాత బనీన్లు చింపి పీలికలు చేసేవాణ్ణి. కానీ మ్యాగజీను విషయంలో మాత్రం అందరూ నన్నే అడిగేవారు, ఇది కోత కాదు. డబ్బా పైన తూటాని పట్టి ఉంచే రెండు పల్చటి అంచులుంటాయి, వాటిని పెదాలంటాం. అవి వెంట్రుకవాసి వంగినా తూటా అడ్డంగా ఇరుక్కుంటుంది. ఒక పిస్తోలుకి సరిపడా సవరించిన పెదాలు, అదే కంపెనీ చేసిన ఇంకో పిస్తోలుకి సరిపోవు. ఏ పిస్తోలు డబ్బాలు ఆ పిస్తోలుకే.

నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్, చిన్నకొడుకు యూసుఫ్ ఆ క్లబ్బులో అందరికన్నా నెమ్మదైనవాడు, అందరికన్నా బాగా కాల్చేవాడు. అతనికీ నాకూ ఉన్న తగాదా ఒక్కటే: డబ్బా ఎంత పొడుగుండాలి?

పోటీలో వరసకి ఐదు తూటాలే. ఐదు కాల్చి, ఆగి, డబ్బా ఊడదీసి, ఖాళీ అని తలపైకెత్తి చూపించాలి. ఐదు పట్టే పొట్టి డబ్బా అరచేతిలో దాక్కుంటుంది, పిడిలోకి దూరిస్తే కనబడదు. పది పట్టే పొడుగుది పిడి కిందనుంచి వేలెడు బయటికి వస్తుంది. నేను పొడుగు పార్టీ. "కింద బరువుంటే చెయ్యి వణకదు" అని శాస్త్రం చెప్పేవాణ్ణి. పట్టుబట్టి యూసుఫ్ కోసం రెండు పొడుగువి తెప్పించాను. అసలు కారణం, చూడ్డానికి దర్జాగా ఉంటాయి.

"సుబ్బూ, ఐదు కాల్చేవాడికి పది ఎందుకు?" అనేవాడు యూసుఫ్. "పోటీకి ముందు పిస్తోలుని కొలత పెట్టెలో పెట్టి మూత వేస్తారు. ఈ తోకతో మూత పడుతుందా?"

"కాస్త ఏటవాలుగా పెడితే పడుతుంది."

"మూత పడకపోతే అక్కణ్ణించే ఇంటికి పంపేస్తారు."

"పడుతుందయ్యా, నే చెబుతున్నాగా!"

ఆ వేసవిలో యూసుఫ్ వాళ్ళ నాన్నని కంటి వైద్యానికి బొంబాయి తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి నేరుగా, దేశదేశాల వాళ్ళూ వచ్చే పెద్ద పోటీకి పోవాలి. పిస్తోలు జట్టు సామాన్లతో ముందే వెళ్ళిపోయింది. డబ్బాలు నాలుగూ, పొట్టివి రెండు, పొడుగువి రెండు, స్ప్రింగులు మార్చమని నా దగ్గర వదిలాడు. బొంబాయి వెళ్ళే వాళ్ళెవరి చేతికైనా ఇచ్చి పంపమన్నాడు. నేను బద్ధకించాను. ఇవాళ పంపుదాం, రేపు పంపుదాం అనుకుంటుండగా తెల్లారేసరికి వీధిలో ట్యాంకు ఉంది.

ఫోన్లు పూర్తిగా చచ్చిపోకముందు యూసుఫ్ గొంతు ఒక్కసారి వినబడింది.

"మా ఇంట్లోవాళ్ళు క్షేమమేనా?"

"క్షేమం."

"నా మఖ్జన్లు, ఆ నాలుగు డబ్బాలు, నీ దగ్గరే కదా, సుబ్బూ? రేడియోలో మా దేశం ఇక లేదంటున్నారు. నేను పోటీకి వెళ్తున్నాను. వేరేవాళ్ళ డబ్బాలతో ఇరుక్కుపోయి, నాలుగు వరసలకే బయటికొచ్చి నిలబడలేను. మా పేరు అక్కడ చివరిదాకా..."

లైను తెగింది.

క్లబ్బులో ఉన్న తుపాకులన్నీ సైనికులు లారీలో వేసుకుపోయారు. ఎవరింట్లో తుపాకీ ముక్క దొరికినా మనిషిని పట్టుకుపోతున్నారు. తిన్నగా ఆలోచించే మనిషెవడైనా ఆ నాలుగు డబ్బాలూ సముద్రంలో విసిరేసేవాడు. నేనూ ఒడ్డుదాకా వెళ్ళాను. అక్కడ ఒక సైనికుడు ఎవరిదో పిల్లల సైకిలు తొక్కుతూ, పడుతూ, నవ్వుతున్నాడు. ఆ సైకిలుకి గంట కూడా ఉంది. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి వచ్చేశాను.

కఫీల్ గారి వంటిల్లు

ఈ ప్రయాణంలో నాతో వచ్చిన మనిషిని ఇక్కడ పరిచయం చేయాలి. రమణమ్మది కడప జిల్లా రాజంపేట పక్క పల్లె. కఫీల్ గారింట్లో వంట, ఇల్లు అంతా ఆమే. నలభై దాటిన మనిషి, చువ్వలా ఉండేది, మాట సూదిలా ఉండేది. జీతంలో మిగిల్చి ఒక చేతి కుట్టుమిషను కొనుక్కుంది. దాన్ని వదిలి ఇండియాకి వచ్చేది లేదని ముందే చెప్పేసింది.

యూసుఫ్ తల్లిని ఆమె మామా, అంటే అరబ్బీలో అమ్మా, అనేది, మేమంతా అలాగే అనేవాళ్ళం. ఆ మామా మా ఇద్దర్నీ వంటింట్లో కూర్చోబెట్టి, రొట్టెలు, ఖర్జూరాలు మూట కట్టించి, "దారి తెరిచి ఉండగానే పొండి. ఇండియావాళ్ళని పోనిస్తున్నారట. యల్లా, కదలండి" అంది. కొడుకు డబ్బాల సంగతి ఆమెకి తెలుసు. తీసుకెళ్ళమని ఒక్కసారి కూడా అనలేదు. "దొరికితే మా వాడి పేరు చెప్పకు" అంది, అంతే. చెబితే సైన్యం ఆ గుమ్మంలోకే వస్తుంది.

ఆమె వెళ్ళాక రమణమ్మ మిషను అడుగున్న చెక్క అర తెరిచింది. దారపు కండెలు, సూదులు, హుక్కులు పెట్టుకునే చిన్న అర.

"ఇట్టా తే అన్నా."

పొట్టివి రెండూ రవిక గుడ్డలో చుట్టి పెడితే, కండెల మధ్య కండెల్లాగే కలిసిపోయాయి. పొడుగువి ఎలా తిప్పినా మూత పడలేదు.

"ఇవి పారేయ్. ఆ పిల్లోడు ఎప్పుడూ పొట్టియే కదా వాడేది."

"పారేయడమా? ఎంత మోజు పడి తెప్పించాననుకున్నావ్!"

"మోజు నీది. మెడకాయ ఇద్దరిదీ."

నేను వినలేదు. నా టీ ఫ్లాస్కు లోపలి గాజు తీసేసి, పొడుగువి రెండూ అందులో నిలబెట్టి, పీలికలు కుక్కి బిరడా బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఆమె ముందు ఆడించి చూపించాను. చప్పుడు లేదు. రమణమ్మ తల కొట్టుకుంది.

"ఎడారిలో పోతాండాం. నీళ్ళు పట్టే దాంట్లో ఎవురన్నా దాపెడతారా? మీ గోదారోళ్ళకు దప్పికంటే ఏందో తెలిస్తే కదా."

"ఆయ్, నువ్వూరుకో!" అన్నాను.

బస్రా దారి

బస్సులో అన్ని భాషలూ ఉన్నాయి. మహబూలా గదుల్లోని మనవాళ్ళు, ఫర్వానియా దుకాణాల్లోని మలయాళీలు, నంజుకునేంత హిందీ వచ్చిన ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు. ఒకాయన సీలింగ్ ఫ్యాను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకొకాయన పంజరంలో చిలకని తెచ్చాడు, అది దారంతా ఖలాస్, ఖలాస్ అంటూనే ఉంది. మొదట నవ్వాం. తర్వాత ఎవరో దానిమీద తువ్వాలు కప్పారు.

రోడ్డుకి రెండువైపులా కార్లు తలుపులు తెరిచి పడి ఉన్నాయి, చక్రాల్లేవు. ఎదురుగా వచ్చే సైనిక లారీల్లో సోఫాలు, ఫ్రిజ్‌లు, దంతవైద్యుడి కుర్చీ. కుర్చీలో ఒక సైనికుడు దర్జాగా కాళ్ళు చాపి కూర్చున్నాడు. ఆ లారీ ముందుకి దూకి "దొంగల్లారా" అని అరిచాను.

లేదు, అరవలేదు. కిటికీ అద్దం మీద వేలితో తెలుగులో రాశాను. ఎవరికీ అర్థం కాదని ధైర్యం. అద్దానికి దుమ్ము బాగా పట్టడంతో ఆ మాట బాగ్దాద్ దాకా చెరగకుండా మాతోనే వచ్చింది.

బస్రాలో పెట్రోలు కన్నా నీళ్ళు ప్రియం. ఖర్జూరపు తోటల్లోంచి వెళ్తుంటే మా కొబ్బరితోటల్లాగే నీడ చారలు చారలుగా బస్సు మీద పడింది. కాలవలూ ఉన్నాయి, పడవలూ ఉన్నాయి. ఒక్క క్షణం శత్రుదేశం అన్న మాట మర్చిపోయి, "అచ్చం మా ఊరే" అన్నాను. రమణమ్మ ఖర్జూరం గింజ కిటికీలోంచి ఉమ్మి, "మీ ఊర్లో ఇట్టా ట్యాంకులు ఎండేసుకుంటారా?" అంది.

బాగ్దాద్

బాగ్దాద్‌లో మమ్మల్ని ఒక బడి వరండాలో దింపారు. బస్సులు ఎప్పుడొస్తాయో చెప్పేవాడు లేడు. నేను ఊరు చూడ్డానికి బయల్దేరాను, ఫ్లాస్కు భుజాన వేసుకుని. వరండాలో వదిలితే ఎవరైనా దాహానికి తెరుస్తారేమోనని అప్పటికే భయం పట్టుకుంది. ఆ భయం రమణమ్మకి చెప్పలేదు.

అక్కడి రొట్టె రెండు మొనలతో పడవలా ఉంటుంది, సమూన్ అంటారు. పొయ్యిలోంచి తీసి బల్ల మీదకి గిరాటేస్తే చేత్తో పట్టుకోవాలి. రెండు చేతులా కాల్చుకున్నాను. సందు మూల ఒక ముసలమ్మ చిన్న గాజు గ్లాసుల్లో ఎండు నిమ్మకాయ చాయ్ అమ్ముతోంది. పాలుండవు. నల్లగా, పుల్లగా, అడుగున చెంచాడు పంచదార కరక్కుండా. మనం సాసర్లో పోసుకుని ఊదుకు తాగినట్టే ఆవిడా తాగుతోంది. కువైత్‌లో పదేళ్ళు ఉండి అలా తాగే మనిషిని చూడలేదు.

నా భుజాన ఫ్లాస్కు చూసి, "ఇటివ్వు, నింపుతాను, దారికి పనికొస్తుంది" అంది. పగిలిందని చెప్పాను. పగిలిన ఫ్లాస్కు మోసుకు తిరిగేవాణ్ణి చూసి ఆవిడ ఏమనుకుందో ఏమో, చాయ్‌కి డబ్బు తీసుకోలేదు.

"ఎక్కణ్ణించి వస్తున్నావు?"

"కువైత్."

గ్లాసు కడుగుతున్న చెయ్యి ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నా కొడుకు అక్కడే ఉన్నాడు, సైన్యంలో. సన్నగా ఉంటాడు, పేరు కరీం. ఎడమ చెవి కింద మచ్చ. నీకెక్కడైనా కనిపించాడా?"

పిల్లల సైకిలు తొక్కిన కుర్రాడు నాకు గుర్తొచ్చాడు. వాడి చెవి నేను చూడలేదు. అయినా నా నోరు ఆగదు కదా.

"కనిపించాడమ్మా. ఒడ్డున సైకిలు తొక్కుతున్నాడు. నవ్వుతున్నాడు. ఒళ్ళు చేశాడు కూడా."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. తిరిగొచ్చి రమణమ్మకి ఇదంతా చెబితే, ఈసారి తిట్టలేదు. "ఒళ్ళు చేసినాడని చెప్పినావా? మంచి పని చేసినావు" అంది. మళ్ళీ, "వాండ్ల మీద నా కోపం పోల్యా. ఆయమ్మ మీద లేదులే" అంది.

సరిహద్దు

జోర్డాన్ వైపు ఎడారి దారి మొదట ఎర్రగా, తర్వాత నల్లరాళ్ళతో, తర్వాత ఏమీ లేకుండా పోతుంది. బస్సులో నీళ్ళు అయిపోయాయి. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి, దాహం అంటే పుస్తకాల్లో ఉండే మాట అనుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం నాలుక అట్టముక్కలా అయిపోయింది. బస్సులో ప్రతివాడూ నా ఫ్లాస్కు వంకే చూస్తున్నాడు. ఫ్యాను ఆయన ఒకటికి రెండుసార్లు అడిగాడు. నేను ఇవ్వను. పిసినారి ముసలాడని నాలుగు భాషల్లో తిట్టారు. అప్పటికింకా నేను ముసలాణ్ణి కాదు, అదే బాధ.

చివరి చెక్‌పోస్టులో అందర్నీ సామాన్లతో సహా దింపారు. మా ముందుకొచ్చిన సైనికుడి పెదాలు పగిలి రక్తం గడ్డకట్టి ఉన్నాయి. వాడు నా సంచీ చూడలేదు, జేబులు చూడలేదు. నేరుగా ఫ్లాస్కు లాక్కుని బిరడా తిప్పి నోట్లోకి ఎత్తిపెట్టాడు.

నూనె వాసన పీలిక ఒకటి వాడి మొహం మీద పడింది.

రమణమ్మ కళ్ళు మూసుకుంది. 'దప్పిక' అన్న ఆమె మాట నా చెవుల్లో మోగింది.

వాడు ఫ్లాస్కు బోర్లించాడు. పొడుగు డబ్బాలు రెండూ ఇసకలో పడ్డాయి. "ఏంటివి?" అన్నాడు. "నాకు తెలీదయ్యా. దారిలో పాత ఫ్లాస్కు దొరికితే తెచ్చుకున్నాను" అన్నాను. నా జన్మలో అంత శుభ్రంగా, ఒక్క మాట ఎక్కువ లేకుండా అబద్ధం ఆడింది అప్పుడే. వాడు నమ్మాడు కూడా. నమ్మి, ఒక డబ్బా తీసి, స్ప్రింగు ఎంత గట్టిదో చూద్దామని పెదాల మీద బొటనవేలు పెట్టి అడ్డంగా నొక్కసాగాడు.

"ఒరేయ్, పెదాలు నొక్కకు! వంగిపోతాయి!"

అరబ్బీలోనే అరిచాను, క్లబ్బులో కొత్తవాళ్ళ మీద అరిచినట్టు. వాడు ఉలిక్కిపడి వేలు తీసేశాడు. తర్వాత మెల్లగా నావైపు తిరిగాడు. తెలీదన్నవాడికి పెదాల సంగతి ఎలా తెలిసింది?

చెయ్యి పట్టుకుని ఆఫీసరు దగ్గరికి ఈడ్చుకుపోయారు. రేకుల నీడలో బల్ల వేసుకుని కూర్చున్న లావుపాటి మనిషి. చొక్కా మెడదాకా తడిసింది. డబ్బాలు బల్ల మీద పెట్టించాడు.

"పిస్తోలు ఏది?"

"లేదు."

"ఎవరివివి?"

అసలు ప్రాణం అక్కడుంది. యూసుఫ్ పేరు చెబితే ఫింటాస్‌లో ఆ ఇంటి తలుపు విరుగుతుంది. చెప్పకపోతే నా ఎముకలు విరుగుతాయి. ఇక్కడ నేను ఛాతీ విరుచుకుని, "ఇవి కువైత్ ఛాంపియన్‌వి, ఆ జెండా కింద పేలడానికే పుట్టాయి" అన్నానని అంబాజీపేటలో చెబుతుంటాను.

అనలేదండీ. నేనన్నది వేరు. "నావే" అన్నాను.

"నీవా?"

"నేను షూటర్ని. ఇండియా ఛాంపియన్ని."

ఇక నోరు హాయిగా పరుగెత్తింది. ఢిల్లీలో పతకం, ప్రెసిడెంటు గారి చేత్తో శాలువా, కువైత్‌లో పిల్లలకి శిక్షణ ఇవ్వడానికి నన్ను ప్రత్యేకంగా పిలిపించుకోవడం. బతుకంతా ఊరికే పెంచి చెప్పిన నోరు ఆ రోజు కూలికి పనిచేసింది. చుట్టూ సైనికులు చేరారు. ఆఫీసరు గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"పోటీలో ఒక్కసారికి ఎన్ని కాలుస్తావు?"

"ఐదు."

పొడుగు డబ్బా ఎత్తి కన్నాలు లెక్కపెట్టాడు. "ఇందులో పది పడతాయి. ఐదు కాల్చేవాడికి పది ఎందుకు?"

యూసుఫ్ మాటే! అతని గొంతే నా ముందు కూర్చుని అడిగినట్టుంది. కింద బరువు, చెయ్యి వణకదు అన్న శాస్త్రమంతా నోటిదాకా వచ్చింది. నా చేతులు అప్పుడు ఎలా వణుకుతున్నాయో చూసి నాకే సిగ్గేసింది.

"చూడ్డానికి బావుంటాయని" అన్నాను.

అది నిజం. ఆ మొత్తం మాటల్లో అదొక్కటే నిజం. ఆఫీసరు పగలబడి నవ్వాడు. బొజ్జ ఊగింది, బల్ల ఊగింది. సైనికులూ నవ్వారు. "ఛాంపియన్, ఛాంపియన్" అని నా వీపు చరిచారు. పొడుగు డబ్బాలు రెండూ ఆఫీసరు సొరుగులోకి వెళ్ళిపోయాయి. చూడ్డానికి బావుంటాయి కదా.

ఈలోగా అవతల పక్క రమణమ్మ వంతు వచ్చింది. పెదాలు పగిలిన సైనికుడే మిషను మూత ఎత్తాడు. అడుగు అర తెరిచి, రవిక గుడ్డ మూట పట్టుకున్నాడు. "అబ్బ" అని చెయ్యి లాక్కున్నాడు. ఆ మూట నిండా రమణమ్మ సూదులు గుచ్చి పెట్టింది, మొనలు పైకి. నాకు కూడా చెప్పలేదు ఆ సంగతి.

"కుట్టుకునే సామాను, నాయనా. జాగర్తగా తీసుకోవాల" అంది అరబ్బీ, కడప కలిపి. వాడు వేలు నోట్లో పెట్టుకుని మూత ధడాలున వేసేశాడు.

ఆఫీసరు ఆమె ఇఖామా, కువైత్‌లో ఉండడానికి ఇచ్చే కార్డు, అడిగి చూశాడు. "ఎక్కణ్ణించి వస్తున్నావు?"

"కువైత్."

"అలాంటి దేశం లేదు. ఇరాక్ అను, పోనిస్తాను."

నేను వెనకనుంచి గొణిగాను, "అనేయ్ రమణమ్మా, ఒక్క మాటేగా, మన పని అయిపోయింది."

ఆమె నావైపు చూడలేదు. వేలితో ఇఖామా మీద తట్టింది. "నాకు చదువు రాదు సార్. నేను పనిచేసిండే ఇల్లు కువైత్‌లో ఉండాది. నాకు అన్నం పెట్టిన మామా కువైత్‌లో ఉండాది. ఈ కార్డు ఇచ్చింది వాండ్లే. నేను వస్తాండేది కువైత్ నుంచే."

"ఇరాక్ అను."

"కువైత్."

నవ్వులు ఆగిపోయాయి. ఎండలో క్యూ అంతా బిగుసుకుపోయింది. మూడోసారి కూడా అడిగాడు. మూడోసారి కూడా ఆ మాటే, అదే గొంతుతో, పెంచకుండా, తగ్గించకుండా. ఆ ఆఫీసరుకి ఏం తోచిందో నాకిప్పటికీ తెలీదు. ఎండ కావచ్చు, విసుగు కావచ్చు, తల్లి గుర్తొచ్చి ఉండొచ్చు. కార్డు ఆమె మీదకి విసిరి "ఖలాస్, పో" అన్నాడు.

ఆఫీసరు నోరు మూయించాను అన్నాను చూశారా, మొదట్లో? మూయించింది ఆమె. నేను లొంగిపొమ్మని సలహా ఇచ్చినవాణ్ణి.

గుడారాలు

సరిహద్దు దాటాక జోర్డాన్‌వాళ్ళ గుడారాల్లో పడ్డాం. పగలు పొయ్యి, పొద్దుగూకితే చలి. లారీల మీంచి రొట్టెలు విసిరేవారు. బస్సులో నన్ను పిసినారి అన్న ఫ్యాను ఆయన, సంగతి తెలిశాక, తనకి దొరికిన రొట్టెలో సగం తెచ్చి ఇచ్చాడు. ఒకరోజు టమాటాలు, ఉల్లిపాయలు వచ్చాయి. రమణమ్మ రెండు చదునైన నల్లరాళ్ళు ఏరి, కడిగి, మూటలో దాచిన ఎండుమిరపకాయలు వేసి ఊరుబిండి నూరింది. మా కోనసీమలో కొబ్బరి లేకుండా పచ్చడి ఏమిటని మూతి తిప్పేవాణ్ణి. ఆ ఎడారిలో ఎండు రొట్టెకి రాసుకుని తింటుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారానికే.

తేలు చెప్పులో దూరి నా బొటనవేలు కుట్టింది కూడా అక్కడే. ఇరాక్ తూటా అని తర్వాత చాలామందికి చెప్పాను.

"పొడుగువి పోయాయని దిగులా అన్నా?" అంది రమణమ్మ, వేలికి కట్టు కడుతూ.

"లేదు."

"అబద్ధం."

"కాస్త."

"అవి పోబట్టే ఇవి మిగిలినాయి. ఆ లావు సారు దొరికింది చాలనుకున్యాడు."

బొంబాయి

మన విమానం మమ్మల్ని వానలో దింపింది. కస్టమ్స్ ఆయన మా అవతారాలు చూసి కూడా వదల్లేదు. "బంగారం ఉందా?" అన్నాడు. కుట్టుమిషను చూపించాం. మూత ఎత్తబోతుంటే రమణమ్మ, "సూదులు ఉండాయి, చూసుకో" అంది. చెయ్యి తీసేశాడు. రెండు దేశాల మొగాళ్ళని ఆపిన సూదులవి.

కొలాబా దగ్గర హోటల్ గదిలో యూసుఫ్ తలుపు తీశాడు. నెల రోజుల్లో పదేళ్ళు పెరిగినట్టున్నాడు. ముందు అమ్మ గురించి అడిగాడు. రమణమ్మ చెప్పింది, రొట్టెలు మూటకట్టిన చేతుల దాకా అంతా చెప్పింది. తర్వాత మిషను అర తెరిచి, ఒక్కో సూదీ తీసి పక్కన పెట్టి, గుడ్డ విప్పింది.

నేను మొదలుపెట్టాను. "యూసుఫ్, ఏడుగురు సైనికులు నన్ను చుట్టుముట్టి..."

"నమ్మాకు బాబూ" అంది రమణమ్మ.

యూసుఫ్ పొట్టి డబ్బా ఒకటి తీసుకుని కిటికీ వెలుతురులో పెదాలు చూశాడు. వేలు ఆనించలేదు. నేను నేర్పినట్టే, పక్కలు పట్టుకుని చూశాడు.

"పొడుగువి?" అన్నాడు.

"పోయాయి. అవి తెప్పించిందే తప్పు. ఐదు చాలు."

ఇన్నేళ్ళ తగాదాలో నేనొప్పుకోవడం అదే మొదటిసారి. అతను నవ్వలేదు. దగ్గరికొచ్చి, నా భుజం మీద గడ్డం ఆనించాడు.

ఆ పోటీలో యూసుఫ్ బంగారు పతకం కొట్టాడని మీరెక్కడైనా విని ఉంటే, అది నేను చెప్పిందే. కొట్టలేదు. ఎన్నో స్థానమో కూడా అడగొద్దు, కిందనుంచి లెక్కపెడితే త్వరగా దొరుకుతుంది. నిద్రలేని కళ్ళతో కాల్చాడు మరి. కానీ పిస్తోలు కొలత పెట్టెలో పెడితే మూత పడింది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్క తూటా ఇరుక్కోలేదు.

యుద్ధం అయిపోయాక నేను మళ్ళీ ఫింటాస్ వెళ్ళాను, రమణమ్మ మళ్ళీ మామా వంటింట్లోకి వెళ్ళింది, మిషనుతో సహా. అక్కడే, చాయ్ తాగుతూ, యూసుఫ్ మాకు ఇది చెప్పాడు. ఆఖరి వరస అయ్యాక అధికారి ఒక్కో షూటరు నిలబడ్డ గీత దగ్గర ఆగి, దేశం పేరు పిలిచి, డబ్బా ఖాళీ చూసి ముందుకి పోతున్నాడట. యూసుఫ్ దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలోని కాగితం మీద పేరు చూసి తటపటాయించాడట, పిలవాలా వద్దా అన్నట్టు. యూసుఫ్ ఆయన పిలిచేదాకా ఆగలేదట. పొట్టి డబ్బా తలపైకెత్తి పట్టుకుని, గట్టిగా, మూడుసార్లు, "కువైత్, కువైత్, కువైత్" అన్నాడట.

వంటింట్లో రమణమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

నేను అక్కడ లేను, చూడలేదు. కానీ ఇందులో ఒక్క మాట కూడా తీసెయ్యకండి. చెప్పింది యూసుఫ్. అతను ఐదే ఎక్కించే మనిషి.